ఏ ఫ్లాగ్ పడింది?

మే 2, గురువారం, మధ్యాహ్నం 3:10. మెమరీ మేనేజ్‌మెంట్. ఎక్సెల్, బ్రౌజర్, వీడియో మీటింగ్ మూడూ తెరిచి ఉన్నాయి. చార్జర్ పెట్టి ఉంది.

మే 6, సోమవారం, 2:40. పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. పెద్ద ఎక్సెల్ షీటు తెరుస్తుండగా.

మే 7, మంగళవారం, 4:05. ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. మీటింగ్ లేదు. కరెంటు పోయి వచ్చిన పావుగంటకి.

మే 10, శుక్రవారం, 2:55. మళ్లీ మెమరీ మేనేజ్‌మెంట్.

2024 వేసవిలో మా అమ్మ పాల లెక్క రాసుకునే పొడుగు పుస్తకం చివరి పేజీల్లో నేను రాసుకున్న లెక్క ఇది. మా ఆఫీసు హైదరాబాద్‌లో. నెలలో మూడు వారాలు రాజమండ్రిలో ఇంటి నుంచే పని చేస్తాను. చేసేది లెక్కల పని. వేల వరుసల షీట్లు కలపడం, సరిచూడటం, పంపించడం. ఆ పని మధ్యలో తెర ఒక్కసారిగా నీలంగా మారిపోయేది. ఏడుపు ముఖం గుర్తు, కింద రెండు ముక్కల ఇంగ్లీషు, పెరిగే శాతం అంకె. తర్వాత రీస్టార్ట్. సేవ్ చేయని పనంతా పోయేది.

పని పోవడం ఒక బాధ. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాత వినాల్సి వచ్చిన ప్రశ్న. ‘ఏం చేశారు మేడమ్?’ ఆఫీసు ఐటీ డెస్కుకి ఫోన్ చేస్తే అదే. మీటింగ్‌లోంచి మాయమై తిరిగి వస్తే మేనేజరు అడిగేదీ అదే. ‘ఏదో నొక్కుంటావు’ అని ఇంట్లోవాళ్లు. నిజమేనేమో, ఏదో నొక్కానేమో అని నాకే అనుమానం పట్టుకుంది. ఆఫీసు లాప్‌టాప్ మాటిమాటికీ క్రాష్ అవుతుంటే మొదట దెబ్బ తినేది యంత్రం కాదు, దాని ముందు కూర్చున్న మనిషి మాట మీద నమ్మకం. నాలాగే ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోలేక కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

లెక్క రాసుకోమని చెప్పింది ఇంజనీరు కాదు. మా వీధిలో ఉండే రిటైరైన లైన్‌మన్. బాబాయ్ గారూ అని పిలుస్తాం. ఒక సాయంత్రం కరెంటు పోయి అందరం అరుగుల మీదికి చేరినప్పుడు నా గోడు చెప్పుకున్నాను. ఆయన లాప్‌టాప్ ఎప్పుడూ వాడలేదు. అంతా విని ఒక్కటే అడిగారు.

‘ట్రిప్ అయినప్పుడు ఏ ఫ్లాగ్ పడిందో చూశావా అమ్మా?’

నాకు అర్థం కాలేదు. ఆయన వివరించారు. సబ్‌స్టేషన్‌లో ఫీడరు ట్రిప్ అయితే ఆపరేటరు వెంటనే స్విచ్ వేసేయడు. రిలే మీద చిన్న ఫ్లాగ్ పడి ఉంటుంది. ఓవర్ కరెంటా, ఎర్త్ ఫాల్టా అన్నది అదే చెబుతుంది. ముందు దాన్ని చూడాలి, టైముతో సహా లాగ్‌బుక్‌లో రాయాలి, ఆ తర్వాతే రీసెట్. రాయకుండా రీసెట్ చేస్తే ఎందుకు ట్రిప్ అయిందో ఇక ఎవరూ చెప్పలేరు. ‘లైను మీద పదిసార్లు తిరిగినా దొరకదు. లాగ్‌బుక్కే మాకు సగం పని చేసిపెట్టేది’ అన్నారు.

నీలి తెర మీద ఏడుపు ముఖం కింద చిన్న అక్షరాల్లో ఉండే స్టాప్ కోడ్ అనే మాటే ఆ ఫ్లాగ్. అప్పటికి నాకు నాలుగైదుసార్లు క్రాష్ అయింది. ఒక్కసారీ దాన్ని చదవలేదు. కనీసం ఫోన్‌తో ఫొటో అయినా తీయలేదు.

అసలు అక్కడ జరిగేది కూడా ట్రిప్ అవడమే. విండోస్‌లో పనులు రెండు అంతస్తుల్లో నడుస్తాయి. ఎక్సెల్, బ్రౌజరు లాంటివి పై అంతస్తులో ఉంటాయి. వాటిలో ఒకటి చెడితే అదొక్కటే మూతపడుతుంది, ఒక ఇంటి ఫ్యూజు పోయినట్టు. కింద అంతస్తు పేరు కెర్నల్. మెమరీని పంచేది, డిస్క్ మీద రాసేది, తెరతో, వైఫైతో, కీబోర్డుతో మాట్లాడే డ్రైవర్లు నడిచేది అక్కడే. అక్కడ తేడా వస్తే వీధి మొత్తానికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌లో తేడా వచ్చినట్టే. ఒక డ్రైవరు తనది కాని చోట రాసిందని కెర్నల్‌కి తెలిసినప్పుడు, ఇంకా ఎక్కడెక్కడ ఏం చెడిందో దానికి తెలియదు. ఆ స్థితిలో పని కొనసాగిస్తే చెడిన లెక్కలు డిస్క్ మీదికి చేరతాయి. అందుకని అన్నిటినీ ఆపేస్తుంది. నీలి తెర అంటే ఆ ఆపడమే. పని పోయిందన్న కోపంలో మనకు తట్టదు గానీ, అది మన ఫైళ్లను కాపాడటానికి పెట్టిన బ్రేకరు.

‘ఏం చేశారు?’ అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మామూలు ఉద్యోగి పై అంతస్తులో తిరుగుతాడు. షీటు తెరవడం, ట్యాబులు ఎక్కువ పెట్టుకోవడం, మీటింగ్‌లో చేరడం లాంటి పనులు చేసి ఆరోగ్యంగా ఉన్న కెర్నల్‌ని పడగొట్టడం కుదరదు. పడిందంటే కింద డ్రైవరైనా చెడి ఉండాలి, సామానైనా (హార్డ్‌వేర్) చెడి ఉండాలి. మన చెయ్యి తగిలి అది బయటపడుతుంది, అంతే.

తెర మీద సున్నా నుంచి వంద దాకా పెరిగే శాతం గురించి తెలిశాక మాత్రం నన్ను నేను నిజంగా తిట్టుకున్నాను. ఆ సమయంలో విండోస్ చేసేది, ఆగిపోయిన క్షణంలో మెమరీలో ఏముందో డిస్క్ మీద రాసుకోవడం. మళ్లీ ఆన్ అయ్యాక అది డంప్ ఫైలుగా విండోస్ ఫోల్డరులోని మినీడంప్ అనే చోటికి చేరుతుంది. తేదీతో సహా ఒక్కో క్రాష్‌కి ఒక్కో ఫైలు. నేనేమో ఆలస్యం భరించలేక పవర్ బటన్ నొక్కి పట్టుకునేదాన్ని. అలా రెండు మూడు సాక్ష్యాలు నా చేత్తో నేనే చెరిపేశాను. దయచేసి ఆ పని చేయకండి. శాతం వందకు చేరనివ్వండి. ఈలోగా ఫొటో తీసుకోండి.

ఈ తెరకు ముప్పై ఏళ్లు దాటాయి. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1లో నీలం మీద తెల్లటి అక్షరాలతో, తెర నిండా అంకెలతో కనిపించింది. 1998 ఏప్రిల్ 20న షికాగోలో విండోస్ 98ని చూపిస్తూ స్కానరు తగిలించగానే బిల్ గేట్స్ పక్కనే వేదిక మీద ఇది ప్రత్యక్షమైంది. 2012లో విండోస్ 8 అంకెలన్నీ తీసేసి ఏడుపు ముఖం పెట్టింది. చూడటానికి భయం తగ్గింది గానీ, సమాచారమూ తగ్గింది. 2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో దీన్ని నల్లగా మార్చింది, ఆ ముఖాన్నీ తీసేసింది. స్టాప్ కోడ్, ఏ డ్రైవరో తెలిస్తే దాని పేరు ఉంచింది. చాలామందికి రెండు సెకన్లలోనే తెర మాయమవుతుందని చెబుతోంది. కాబట్టి ఫొటో తీసే వ్యవధి ఇక ఉండకపోవచ్చు. అప్పుడు దిక్కు యంత్రం లోపలి లాగ్‌బుక్కే. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైపు చేస్తే రిలయబిలిటీ మానిటర్ తెరుచుకుంటుంది. ఏ రోజు ఏం పడిందో క్యాలెండర్‌లాగా ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అయితే బగ్‌చెక్ పేరుతో 1001 నంబరు నమోదు వెతకాలి. కెర్నల్ పవర్ 41 అనే నమోదు కూడా పక్కనే ఉంటుంది. చాలామంది దాన్నే కారణం అనుకుంటారు. యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం. 41 ఒక్కటే ఉండి, 1001 లేకపోతే, డంపూ లేకపోతే బ్యాటరీనో చార్జరునో అనుమానించాలి.

నా పుస్తకంలోకి వస్తాను. నాలుగు క్రాష్‌లు, మూడు రకాల కోడ్‌లు. ఐటీ డెస్కులో ఫోన్ ఎత్తిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు.

‘కొత్త సాఫ్ట్‌వేర్ ఏమైనా వేశారా మేడమ్?’

‘లేదండీ. నాకు అడ్మిన్ రైట్సే లేవు కదా.’

‘అయితే ఒకసారి రీఇమేజ్ చేసేద్దాం మేడమ్. మొత్తం ఫ్రెష్‌గా వచ్చేస్తుంది.’

రీఇమేజ్ అంటే డిస్క్ అంతా తుడిచి ఆఫీసు విండోస్‌ని మళ్లీ మొదటి నుంచి వేయడం. బయట షాపుల్లో ‘ఫార్మాట్ కొట్టడం’ అంటారు. తప్పు అనను. కానీ ఫ్లాగ్ చూడకుండా రీసెట్ చేయడం ఇదే. మే 13న ఎన్నికల పోలింగ్. ఓటేసి, రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి లాప్‌టాప్ ఇచ్చాను. ఫార్మాట్ చేసి, ఏసీ గదిలో రోజంతా ఆన్‌లో పెట్టి చూశారు. ఏమీ కాలేదు. ‘అంతా బాగుంది మేడమ్’ అని ఇచ్చారు. రాజమండ్రి వచ్చాక మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ పడింది. ఈసారి కొత్త పేరు, కెర్నల్ సెక్యూరిటీ చెక్ ఫెయిల్యూర్.

ఆ సాయంత్రం ఓడిపోయినట్టు అనిపించింది. పుస్తకం తీసుకుని బాబాయ్ గారి అరుగు మీద కూర్చున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నా వరుసలన్నీ చదివారు. ఇంగ్లీషు పేర్ల జోలికి వెళ్లలేదు. వేలు టైముల మీద పెట్టారు.

‘అన్నీ మధ్యాహ్నమేనేంటి?’

రెండున్నరకీ నాలుగున్నరకీ మధ్యే అన్నీ. మే నెలలో రాజమండ్రి మధ్యాహ్నం ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. నా గదికి ఏసీ లేదు. ఆయన పాత సంగతి ఒకటి చెప్పారు. స్తంభం మీద పింగాణీ ఇన్సులేటరుకు వెంట్రుకవాసి పగులు వస్తుంది. పగలు ఎండలో కింద నుంచి చూస్తే చక్కగా ఉంటుంది. తెల్లవారుజామున మంచు పడి పగుల్లోకి తడి దిగితేనే ఫీడరు ట్రిప్ అవుతుంది. తొమ్మిదింటికి లైన్‌మన్ వెళ్లేసరికి ఆరిపోయి ఉంటుంది. ‘లైను క్లియర్ అని రాసి వచ్చేస్తాం. మర్నాడు తెల్లారి మళ్లీ ట్రిప్పు. ట్రిప్ అయిన టైముకి వెళ్లి చూడాలి తప్ప మనకు వీలైన టైముకి కాదు.’

ఏసీ గదిలో నా లాప్‌టాప్ ఎందుకు పడలేదో ఆ మాటతో తేలిపోయింది.

ఆ రాత్రి కూర్చుని కోడ్‌లన్నిటి అర్థాలూ చదివాను. నాకు తెలిసినంతలో అతి ముఖ్యమైన సూత్రం అక్కడే దొరికింది. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవరు పేరు వస్తుంటే నేరం ఆ డ్రైవరుదే అయ్యే అవకాశం ఎక్కువ. కోడ్ మారుతూ, పేరు మారుతూ, ఒకసారి తెర డ్రైవరు, ఒకసారి వైఫై, ఒకసారి విండోస్ సొంత ఫైలు దొరుకుతుంటే, వాళ్లందరూ దొంగలు కారు. వాళ్లందరూ నిలబడిన నేలే బాగాలేదు. ఆ నేల ర్యామ్.

డంప్‌లు చదివే ఉచిత పరికరాలు కొన్ని ఉన్నాయి. నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూ తేలికైనది. మైక్రోసాఫ్ట్ విన్‌డీబీజీ లోతైనది. చాలాసార్లు అవి విండోస్ కెర్నల్ ఫైలు పేరే నేరస్థుడిగా చూపిస్తాయి. దాన్ని చూసి విండోస్ పాడైందనుకోవద్దు. శవం ఎవరి పెరట్లో దొరికిందో అది చెబుతుంది, చంపిందెవరో కాదు.

ర్యామ్ గురించి కొంచెం చెప్పాలి. నా లాప్‌టాప్‌లో 16 జీబీ ఉంది. అంటే 13,743 కోట్లకు పైగా బిట్లు. ఒక్కో బిట్టు ఒక అతి చిన్న కెపాసిటరు. చార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. చిల్లు కుండలో నీళ్లలాగా ఆ చార్జి కారిపోతూ ఉంటుంది. అందుకని 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గదినీ ఒకసారి చదివి మళ్లీ నింపుతారు. వేడెక్కితే కారడం పెరుగుతుంది. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే ఆ వ్యవధిని సగానికి, 32 మిల్లీసెకన్లకు తగ్గించాలని ప్రమాణాలే చెబుతాయి. ఎక్కడో ఒక గది పుట్టుకతోనే బలహీనంగా ఉందనుకోండి. చల్లగా ఉన్నంతసేపూ నెట్టుకొస్తుంది. వేడిలో తడబడి ఒకటిని సున్నా అంటుంది. ఆ గదిలో ఉన్నది ఫొటోలో ఒక చుక్క అయితే ఎవరికీ తెలియదు. కెర్నల్ వెళ్లాల్సిన చిరునామా అయితే నీలి తెర. పొద్దున్న తక్కువ పని ఉన్నప్పుడు ఆ గది ఖాళీగానే ఉండొచ్చు. మధ్యాహ్నానికి షీట్లు, ట్యాబులు, మీటింగ్ అన్నీ చేరి మెమరీ నిండేసరికి అక్కడా ఎవరో ఒకరు దిగుతారు. అందుకే ‘ఎప్పుడు పడితే అప్పుడు’ క్రాష్ అవుతున్నట్టు అనిపించింది. లాగ్‌బుక్ తెరిచి చూస్తే దానికీ ఒక వేళ ఉంది.

ఒక్క బిట్టు తిరగబడితే ఏమవుతుందనడానికి నాకు బాగా గుర్తుండిపోయిన ఉదంతం బెల్జియంలోది. 2003 మే 18న అక్కడ ఎన్నికలు జరిగాయి. బ్రస్సెల్స్ పక్కనున్న స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కిస్తే 4,096 ఎక్కువ తేలాయి. రెండుని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే అంకె అది. అంటే పదమూడో బిట్టు ఒక్కటి సున్నా నుంచి ఒకటికి మారింది. ప్రోగ్రామ్‌లో తప్పేమీ దొరకలేదు. అంతరిక్షం నుంచి వచ్చే కణం తాకి ఉండొచ్చన్నది అందరూ చెప్పుకునే అనుమానం. అలాంటి కణం ఒకసారి తాకి పోతుంది. నా లాప్‌టాప్‌లోది మాత్రం వారానికి రెండుసార్లు వచ్చి తలుపు తడుతోంది.

లోపం సామానుదేనని ఐటీ డెస్కుకి చెప్పడానికి ఇంకో ఆధారం దొరికింది. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దాదాపు పది లక్షల కంప్యూటర్ల క్రాష్ నివేదికలు పరిశీలించారు. ఎనిమిది నెలల్లో కనీసం 30 రోజుల పాటు ప్రాసెసర్ పనిచేసిన యంత్రాల్లో ప్రాసెసర్ లోపం వల్ల క్రాష్ అయ్యేది 190లో ఒకటి. ఒకసారి అలా అయిన యంత్రం మళ్లీ అదే కారణంతో క్రాష్ అయ్యే అవకాశం మాత్రం దాదాపు మూడింట ఒకటి. మెమరీకీ డిస్కుకీ కూడా పోకడ అదే, ఒకసారి పడినది మళ్లీ పడే అవకాశం బాగా పెరుగుతుంది. ‘ఒక్కసారే కదా, చూద్దాంలే’ అన్న మాట సామాను లోపాల విషయంలో చెల్లదు.

రెండోసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు లాప్‌టాప్‌తో పాటు ఒక కాగితం తీసుకెళ్లాను. తేదీ, టైము, కోడ్, అప్పుడు తెరిచి ఉన్నవి, చార్జరు, గది వేడి. మొత్తం తొమ్మిది వరుసలు. కింద ఒక వాక్యం రాశాను: రీఇమేజ్ తర్వాత కూడా వచ్చింది, కోడ్‌లు మారుతున్నాయి, దయచేసి రాత్రంతా మెమరీ పరీక్ష పెట్టండి. ఈసారి కాగితం తీసుకున్నది కొంచెం పెద్దవయసు ఇంజనీరు. నిలబడే చదివారు, తర్వాత కూర్చుని ఇంకోసారి చదివారు. ‘ఇలా రాసిస్తే మాకు సగం పని అయిపోయినట్టే మేడమ్’ అన్నారు. లైన్‌మన్ నోట విన్న మాటే.

మెమరీ పరీక్ష గురించి ఒక హెచ్చరిక. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. మామూలుగా రెండు విడతలు తిరిగి, తప్పు లేదని చెప్పి ఊరుకుంటుంది. మొదటిసారి ఆఫీసులో చేసింది అదే. అది తప్పు చూపిస్తే నమ్మాలి. తప్పు లేదంటే మాత్రం తొందరపడి నమ్మకూడదు. ఈసారి పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా వదిలేశారు. అది విండోస్‌ని తెరవనివ్వకుండా, మెమరీలో ప్రతి గదిలోనూ రకరకాల నమూనాలు రాసి తిరిగి చదువుతుంది. అదే పనిగా గంటల తరబడి నడిచేసరికి ర్యామ్ కూడా వేడెక్కుతుంది. మూడో విడతలో ఎర్ర వరుసలు వచ్చాయి. మర్నాడు ఇంజనీరు రెండు ర్యామ్ ముక్కల్లో ఒకటి తీసి, ఒక్కోదాన్ని విడిగా పరీక్షించారు. ఒకటి శుభ్రం, రెండోదానిలో తప్పులు. ఏబీ స్విచ్ తెరిచి ఫీడరును సగం చేసి, ఏ సగం చార్జి అవుతుందో చూసి, చెడిన సగాన్ని మళ్లీ సగం చేస్తారని బాబాయ్ గారు చెప్పిన పద్ధతి కళ్లముందు జరిగినట్టుంది.

ర్యామ్ విప్పే పని ఇంట్లో మనం చేయొద్దు. సొంత లాప్‌టాప్ అయితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊళ్లో నమ్మకమైన షాపులోనో విప్పిస్తే పది నిమిషాల్లో ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మళ్లీ పెట్టి చూస్తారు. వదులు వల్ల, చిలుము వల్ల వచ్చే జబ్బు దానికే తగ్గుతుంది కూడా. ఆఫీసు లాప్‌టాప్ మనది కాదు. విప్పితే వారంటీ గొడవ, ఉద్యోగం గొడవ.

ఆఫీసు యంత్రానికి ఇంకో తాళం ఉంటుంది, బిట్‌లాకర్. డిస్క్‌లోని సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఏర్పాటు అది. బయాస్ మారినా, కొన్నిసార్లు సేఫ్ మోడ్‌లోకి వెళ్లబోయినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా ఆఫీసు దగ్గరే ఉంటుంది. అది చేతిలో లేకుండా బయాస్ అప్‌డేట్ మొదలుపెట్టి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. డ్రైవర్ వెరిఫైయర్ కూడా అంతే. అనుమానం ఉన్న డ్రైవర్లను గట్టిగా పిండి తప్పు చేయించే పరికరం అది. తప్పు దొరికితే యంత్రం ఆన్ అవుతూనే మళ్లీ పడొచ్చు. తెలిసినవాళ్లు పక్కన ఉన్నప్పుడే వాడాలి.

అందరి జబ్బూ ర్యామ్ కాదు. మూత మూసి తెరిచినప్పుడో, డాకింగ్ స్టేషన్ పీకినప్పుడో డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ వస్తుంటే నిద్రపోయి లేవలేని డ్రైవరు కోసం వెతకాలి. లాప్‌టాప్ తయారీదారు సైటులో అదే మోడల్‌కి ఇచ్చిన వైఫై, డాక్ డ్రైవర్లు, బయాస్ ముందు చూడాలి. దారిన దొరికే ‘డ్రైవర్ అప్‌డేటర్’ల జోలికి వెళ్లొద్దు. కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అంటే డిస్క్ మీంచి చదవలేకపోయిందని. ఆ మాట కనిపించిన రోజే ముందు ఫైళ్ల కాపీ తీసుకోవాలి, మిగతా పరిశోధన తర్వాత. వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే తప్పు జరిగిందని సామానే స్వయంగా ఫిర్యాదు చేసిందని అర్థం. దానికి ఫార్మాట్ మందు కాదు.

ఇంకో చిన్న సంగతి. ‘షట్‌డౌన్ చేసి ఆన్ చేశా, అయినా తగ్గలేదు’ అంటారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఉన్నచోట షట్‌డౌన్ చేసినా కెర్నల్ పూర్తిగా పోదు, డిస్క్ మీద దాచిపెట్టి మళ్లీ తెస్తుంది. కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ నొక్కాలి. పేరు చూస్తే తిరగేసినట్టుంటుంది గానీ వాస్తవం అదే.

ఆఫీసు లాప్‌టాప్‌లో ఇంటి లాప్‌టాప్ కంటే కెర్నల్ అంతస్తు మీద రద్దీ ఎక్కువ. యాంటీవైరస్, వీపీఎన్, ఫైళ్లు బయటికి పోకుండా కాపలా కాసేవి, వీటిలో చాలావాటికి అక్కడ డ్రైవరు ఉంటుంది. వాటిని మనం పెట్టలేదు, తీయలేము. నా ర్యామ్ మారిన నెలన్నరకు లోకమంతా దీన్ని చూసింది. 2024 జులై 19, శుక్రవారం, మన టైము ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. ఆ ఫైలు 21వ విలువ కోసం చూసింది. కెర్నల్‌లోని ప్రోగ్రామ్‌కి అందినవి 20. లేని గదిలోకి తొంగిచూడగానే పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, నా పుస్తకంలో మే 6 వరుసలో ఉన్న పేరే. 78 నిమిషాల్లో, 10:57కి, ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాదాపు 85 లక్షల యంత్రాలు నీలమయ్యాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అది మొత్తం విండోస్ యంత్రాల్లో ఒక్క శాతం కూడా కాదు. ఆ ఒక్క శాతంలోనే విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఉన్నాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు ఎన్ని ఫోన్లలో తిరిగిందో.

ఎక్కువ యంత్రాలు ఆన్ అవుతూనే పడిపోతుండటంతో దూరం నుంచి బాగుచేయడం చాలాచోట్ల కుదరలేదు. ఒక్కో యంత్రం ముందు ఒక్కో మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ 48 అంకెలు కొట్టి, ఒక ఫైలు తుడిచి, రీస్టార్ట్ చేయాలి. మా ఆఫీసు ఆ సాఫ్ట్‌వేర్ వాడదు. కానీ ఆ వారాంతం ఇళ్లకు వెళ్లకుండా అంకెలు కొడుతూ కూర్చున్న ఐటీ వాళ్లను తలుచుకుంటే, ఫోన్‌లో ‘ఫ్రెష్‌గా వచ్చేస్తుంది మేడమ్’ అన్న ఆ అబ్బాయి మీద నాకున్న కినుక పోయింది. రోజుకి ఎన్ని ఫోన్లో. ఏ ఫోన్‌లోనూ ఎవరూ టైము చెప్పరు, కోడ్ చెప్పరు. ‘క్రాష్ అయింది’ అంటారు, అంతే. నేనూ అంతే అన్నాను మొదట్లో.

మరో రకం నీలి తెర గురించి చెప్పకుండా ముగించలేను. బ్రౌజరులో ఏదో నొక్కగానే తెర నిండా నీలం, మోత, ‘వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని ఒక నంబరు. అది మోసం. అసలైన నీలి తెర మీద ఫోన్ నంబరు ఉండదు. ఉందంటే దొంగే. ఆ కిటికీ మూసేయండి. మూసుకోకపోతే రీస్టార్ట్ చేయండి. ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ ఒక్క సంగతైనా చెప్పండి.

జూన్‌లో కొత్త ర్యామ్ వేసి లాప్‌టాప్ ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆ ఇంజనీరు ఒక మాటన్నారు. ‘క్రాష్ అయిన రోజులు మీ కాగితంలో ఉన్నాయి మేడమ్. క్రాష్ కాని రోజుల సంగతి కూడా ఒకసారి చూసుకోండి.’

మొదట అర్థం కాలేదు. రైల్లో తట్టింది. తిరగబడిన బిట్టు కెర్నల్ చిరునామాలో పడితే నీలి తెర వచ్చింది, నాకు తెలిసింది. అదే బిట్టు నా షీటులో ఒక అంకె మీద పడి ఉంటే? తెర నీలం కాదు. ఏ శబ్దమూ రాదు. తప్పు అంకెతో షీటు సేవ్ అవుతుంది, మెయిల్‌లో వెళ్తుంది. సర్వర్లలో వాడే తప్పు పట్టుకునే మెమరీ మామూలు లాప్‌టాపుల్లో ఉండదు. నీలి తెరను తిట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. అది వచ్చిన రోజులు మేలు.

రాజమండ్రి చేరాక ఏప్రిల్, మే నెలల్లో నేను పంపిన ఫైళ్లన్నీ తీశాను. సర్వర్‌లో ఉన్న మూల లెక్కలతో ఒక్కో మొత్తాన్నీ పోల్చాను. పగలు పని, రాత్రి పోల్చడం. మూడు రాత్రులు పట్టింది. మొత్తాలన్నీ సరిపోయాయి. ఒక్క జిప్ ఫైలు మాత్రం తెరుచుకోలేదు. చెడిపోయిందని చెప్పింది. తయారుచేసిన టైము చూశాను. మే 10, మధ్యాహ్నం 2:31. ఆ రోజు నీలి తెర పడింది 2:55కి.

ఆ ఫైలు మళ్లీ తయారుచేసి, ఎవరికి పంపానో వాళ్లకి పంపి, ఎందుకు పంపుతున్నానో రాశాను. పాల పుస్తకంలో పదో తేదీ వరుస పక్కన 2:31 అని చేర్చాను.